తోక అల్లాడుతుందని చెప్పడానికి బాతెల్ నుంచి ఎడారిదాకా

నా మాట ఎవరూ వినలేదు. ఇది ప్రయాణం గురించి రాస్తున్నదే అయినా ముందు ఆ సంగతి చెప్పి తీరాలి. నా లెక్క కింద నా పేరు తీసేసి తన పేరు పెట్టుకున్న మేనేజర్ ఎవరో, వీడ్కోలు కేకు మీద నా పేరు తప్పు రాయించినవాళ్ళు ఎవరో నాకు ఈ రోజుకీ గుర్తే. వాటిని ఇంకా మోస్తూ తిరుగుతున్నానని మా ఆవిడ సుజాత విసుక్కుంటుంది. అయితే ఈ మే నెలలో జరిగింది వాటి పక్కన చేర్చి ఊరుకోదగ్గది కాదు. ఈసారి నా మాట వినకపోతే పోయేది నా పరువు కాదు. ఒక మనిషి ప్రాణం.

నేను విమానాల ఫ్లటర్ లెక్కలు వేసేవాణ్ణి. లారీ మీద సరిగా బిగించని టార్పాలిన్ చూసి ఉంటారు. లారీ నెమ్మదిగా వెళ్తుంటే అది కదలదు. వేగం పెరిగితే అలలు అలలుగా లేస్తుంది. ఒక హద్దు దాటాక టపటపా కొట్టుకుని చిరిగిపోతుంది. విమానం రెక్కకూ తోకకూ కూడా ఇలాంటి హద్దు ఉంది. వంగే ఊపూ మెలి తిరిగే ఊపూ ఒకదానికొకటి తోడై, గాలిలోంచే బలం లాక్కుని పెరిగిపోతాయి. క్షణాల్లో తోక విరిగిపోవచ్చు. ఆ హద్దు ఎక్కడుందో విమానం ఎగరకముందే లెక్కగట్టడం నా పని.

కాలిఫోర్నియా ఎడారిలో ఒక చిన్న కంపెనీ ఇద్దరు కూర్చునే విమానం తయారు చేస్తోంది. పేరు చెప్పను. అక్కడ పరీక్షల వ్యవహారమంతా చూసేది కిరణ్. హైదరాబాద్ మనిషి, సాఫ్ట్‌వేర్ నుంచి ఇటు వచ్చాడు. కొత్త తోకకి లెక్క వేసిపెట్టమని నన్ను అడిగింది అతనే. వేశాను. వీడియో మీటింగ్‌లో గ్రాఫ్ చూపించి, "నూట ఎనభై నాట్ల దగ్గర తోక డ్యాంపింగ్ పాజిటివ్‌లోకి వెళ్తోంది," అన్నాను. విమానాల వేగం నాట్లలో కొలుస్తారు; నూట ఎనభై అంటే గంటకి మూడొందల ముప్పై కిలోమీటర్లు. ఫ్లటర్ లెక్కలు తెలిసినవాళ్ళకి ఇంతకంటే భయంకరమైన మాట ఉండదు. కిరణ్ నవ్వాడు. "గ్రేట్ న్యూస్. థాంక్యూ అంకుల్," అన్నాడు. వెంటనే తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు.

అంకుల్. ఇంజినీర్లంతా కూర్చున్న మీటింగ్‌లో, పక్కింటి పిల్లలు పిలిచే పిలుపు. పైగా ప్రమాదమని చెప్తే గ్రేట్ న్యూస్ అట. వెటకారం కాక మరేమిటి? ఫోన్ చేశాను, ఎత్తలేదు. నేనే అక్కడికి వస్తానని మెసేజ్ పెడితే, "అవసరం లేదు అంకుల్, గురువారం డయాన్ నూట తొంభై దాకా ఫ్లై చేస్తుంది, రికార్డింగ్ పంపిస్తాం," అని జవాబు. డయాన్ వాళ్ళ టెస్ట్ పైలట్.

సోమవారం పొద్దున్నే, కాలిఫోర్నియాకి ఉత్తరాన రెండో రాష్ట్రంలో ఉన్న బాతెల్‌లోని మా ఇంటి నుంచి కారులో బయలుదేరాం. సుజాతకి ల్యాబ్‌లో సెలవులు మిగిలి ఉన్నాయి. విమానంలో ఎందుకు వెళ్ళలేదంటే, వాళ్ళ కళ్ళముందు పెట్టి చూపించడానికి బల్సా అనే తేలిక చెక్కతో ఒక తోక నమూనా చేశాను. అది ఏ పెట్టెలోనూ పట్టలేదు.

కొలంబియా గాలి

కొండలు దాటి యాకిమా లోయలోకి దిగేసరికి ఆకుపచ్చ మొత్తం ఎవరో తుడిచేసినట్టు పోయింది. దారి పక్కన ఆస్పరాగస్ కాడల కట్టలు అమ్ముతున్నారు. సుజాత రెండు కట్టలు తీసుకుంది. ముందున్న చిన్న ఊళ్ళో ఒక మెక్సికన్ ఆవిడ ట్రక్కు దగ్గర తమాలే తిన్నాం. మొక్కజొన్న పొత్తు ఆకులో పిండి పెట్టి ఆవిరికి ఉడికిస్తారు. సుజాత ఆకు విప్పి వాసన చూసి, "కోనసీమ పొట్టిక్కల చెల్లెలు," అంది. పనసాకు బదులు మొక్కజొన్నాకు, అంతే తేడా. పొట్టిక్కల్లో పంది మాంసం పెట్టరని నేను గుర్తుచేశాను. అప్పటికే సగం తినేసింది.

కొలంబియా నది ఒడ్డున కొండమీద ఆగాం. అక్కడ గాలి ఎప్పుడూ తగ్గదు. కొండల నిండా గాలిమరలు. నమూనా ఒకసారి పరీక్షిద్దామని కర్రకి బిగించి గాలికి ఎదురుగా పట్టుకున్నాను. ఇంట్లో ఫ్యాన్ ముందు బుద్ధిగా ఉన్న వస్తువు. ముందు కదలలేదు. తర్వాత సన్నగా వణికింది. పెద్ద గాలి ఒకటి వచ్చింది. వణుకు ఊపు అయింది, ఊపు చప్పుడు అయింది, చివరి ముక్క ఎగిరి నది వైపు వెళ్ళిపోయింది. నా చేతిలో కర్ర మిగిలింది.

పక్కనే క్యాంపర్ వ్యాన్ ఆపుకున్న ముసలి జంట ఇదంతా చూస్తున్నారు. పెద్దాయన దగ్గరకొచ్చి, "గాలిపటమా?" అని అడిగాడు.

"విమానం తోక," అన్నాను.

"ఏ విమానం?" అన్నాడు, ఇక ముందు ఎక్కకుండా చూసుకుందామన్నట్టు.

కారులో కూర్చున్నాక సుజాత నా చేతిలో మిగిలిన కర్ర తీసి వెనక సీట్లో పెట్టింది. "ఆ పైలట్ దానిమీద కూర్చుని వెళ్తుందా?" అంది. ముందు కూర్చుంటుంది, తోక వెనక ఉంటుంది అని చెప్పాను. అది సుజాతకి ఊరటగా అనిపించినట్టు లేదు.

ఆ సాయంత్రం ఓరెగన్‌లో బెండ్ అనే ఊళ్ళో దిగి కిరణ్‌కి మెసేజ్ పెట్టాను: "డ్యాంపింగ్ పాజిటివ్ సంగతి పైలట్‌కి చెప్పావా?" జవాబుగా బొటనవేలు పైకెత్తిన బొమ్మ వచ్చింది. మాట కూడా కాదు, వేలు.

లేక్‌వ్యూలో పచ్చిపులుసు

బెండ్ దాటాక ఓరెగన్‌లో మనుషులు అయిపోతారు. సేజ్ పొదలు, ఉప్పు చెరువులు, ఎంతకీ దగ్గరకు రాని కొండలు. ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. లేక్‌వ్యూ దగ్గర పెట్రోల్‌కి ఆగితే, కౌంటర్ వెనకున్నాయన సుజాత మాటలు విని, "మీరు తెలుగోళ్ళా మేడమ్?" అన్నాడు.

పేరు శ్రీనివాస్. కరీంనగర్. ఐటీ ఉద్యోగం పోయాక చుట్టాలతో కలిసి ఈ బంకు తీసుకున్నాడట. వేడి డబ్బాలో పుల్లలకు గుచ్చిన కార్న్‌డాగుల పక్కన సమోసాలు ఉన్నాయి. వాటిని చూడనివ్వలేదు. "అవి కస్టమర్లకు సార్. మీరు లోపలికి రాండ్రి," అని తన టిఫిన్ డబ్బా తెరిచాడు. అన్నం, బెండకాయ వేపుడు, పచ్చిపులుసు. మా వైపు పులుసంటే పొయ్యిమీద మరగాలి. ఇది పచ్చి ఉల్లిపాయతో, నువ్వుల పొడితో చల్లగా ఉంది. రెండోసారి పోయించుకున్నాను. సుజాత నా ప్లేటు చూసి నవ్వుకుంది.

ఎక్కడికని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. కథ వినేవాళ్ళు దొరికితే నేను ఆగను. రసీదు వెనక గ్రాఫ్ గీసి చూపించాను. అడ్డంగా విమానం వేగం, నిలువుగా డ్యాంపింగ్, మధ్యలో సున్నా గీత.

"ఈ పద్ధతిలో లెక్క మనల్ని ఒక ప్రశ్న అడుగుతుంది," అన్నాను. "ఈ వేగంలో తోక ఊపు పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే బయటినుంచి ఎంత డ్యాంపింగ్, అంటే ఊపుని అణిచే గుణం, కలపాలి? జవాబు నెగటివ్ వస్తే కలపక్కర్లేదు, ఊపు తనంతట తనే చల్లారుతుంది. పాజిటివ్ వస్తే కలపాలి. కలపడానికి గాల్లో మన దగ్గర ఏముంటుంది? ఏమీ ఉండదు. అందుకని గీత సున్నా దాటి పైకి లేచిందంటే తోక పోయినట్టే."

శ్రీనివాస్ రసీదు వంక చూస్తూ, "పైకి పోతె మంచిదే గద సార్, పాజిటివ్ అంటున్నరు," అన్నాడు.

"పాజిటివ్ అంటే చెడ్డదయ్యా."

"మీరు చెప్పినంక సమజయింది. చెప్పకపోతె నేనైతె మంచిదే అనుకుందు. గూగుల్ల మా బంకుకి రివ్యూలు పాజిటివ్ ఉంటె మంచిదే గద."

"మా ల్యాబ్‌లో పాజిటివ్ అంటే రోగం ఉన్నట్టు," అంది సుజాత నవ్వుతూ. నవ్వు మధ్యలో ఆగిపోయింది. "ఏవండీ, ఆ కిరణ్‌కి మీరు ఇదంతా చెప్పారా? ఇప్పుడు ఈయనకి చెప్పినట్టు?"

"ఫ్లటర్ గ్రాఫ్ చూసేవాడికి ఇది చెప్పాలా?"

"అతను సాఫ్ట్‌వేర్ అన్నారుగా."

ప్లేటు పక్కన పెట్టేశాను. గ్రేట్ న్యూస్. వెటకారం కాదు. అతను నిజంగానే సంతోషించాడు. నేను పైలట్ ప్రాణానికి ముప్పు అని చెప్తే, అతను తోక భద్రంగా ఉందని విన్నాడు. నేను ఎన్నిసార్లు పాజిటివ్ అని గుర్తుచేస్తే అన్నిసార్లు ధైర్యం తెచ్చుకున్నాడు. మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తున్నానంటే మెచ్చుకోలు కోసం అనుకుని ఉంటాడు.

నా మాట లెక్క చేయకపోవడం నాకు అలవాటే. నా మాట తలకిందులుగా వినడం ఇదే మొదలు. తెలియనివాడు అడగాలి. అడగకుండా గ్రేట్ అనేయడం ఏమిటి? ఆ మాటే సుజాతతో అన్నాను. "తర్వాత తిట్టుకోండి, ముందు ఫోన్ చేయండి," అంది.

చేశాను. వాయిస్ మెయిల్. "పాజిటివ్ అంటే ప్రమాదం. ఎగరనివ్వొద్దు," అని విడమరిచి చెప్పాను. అదే మెసేజ్‌గా పెట్టాను. కంపెనీ నంబర్‌కి చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని రికార్డింగ్ తిరిగి తిరిగి మొదటికే వచ్చింది. శ్రీనివాస్ తన దుకాణంలో ఫోన్ కూడా ఇచ్చాడు. దానికీ కిరణ్ పలకలేదు. బయలుదేరేటప్పుడు ఆయన కారు దాకా వచ్చి, "ఆమె దిగినంక నాకొక మాట చెప్పుండ్రి సార్," అన్నాడు.

ఆగమనే పలక దగ్గర

ఆ రాత్రి రీనో అవతల ఎక్కడో పడుకున్నాం. ఆ ఊరి గురించి నాకేమీ గుర్తులేదు. పొద్దున మళ్ళీ చేశాను, మళ్ళీ వాయిస్ మెయిల్. పరీక్ష గురువారం కదా, ఇవాళ బుధవారం, సాయంత్రానికి అక్కడుంటాం అని నాకు నేనే చెప్పుకున్నాను. మోనో సరస్సు పక్కనుంచి వెళ్ళాం. నీళ్ళలోంచి సున్నపు స్తంభాలు లేచి ఉంటాయి. సుజాత ఆపమని అడగలేదు. ఆవిడ అడగకపోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది.

బిషప్‌లో బ్రెడ్ కొంటుండగా ఫోన్ మోగింది. మనిషి కాదు, కంపెనీ పరీక్షల తేదీలు నాకూ పంపే క్యాలెండర్. ఫ్లటర్ టెస్ట్ గురువారం ఉదయం నుంచి బుధవారం మధ్యాహ్నానికి మారింది. రేపు గాలి ఎక్కువ ఉంటుందట. మధ్యాహ్నం అంటే, మేం అక్కడికి చేరకముందే.

వెంటనే కారెక్కాం. సుజాత నడిపింది. ఎడమ వైపు ఎర్ర కొండలు, కుడి వైపు మంచు కొండలు. ఎప్పుడు చూద్దామా అని ఎన్నో ఏళ్ళుగా అనుకున్న దారి, నేను ఫోన్ తెర చూస్తూ దాటాను. లోన్‌పైన్ దగ్గర రోడ్డు పనులు. ఆగమనే పలక పట్టుకుని ఒక ఆవిడ నిలబడి ఉంది. ఇక్కడ సగం రోడ్డే తెరుస్తారు. 'పైలట్ కార్' అని రాసిన బండి ఒకటి వచ్చి, తన వెనకే అందరినీ వరసగా తీసుకెళ్తుంది. అది వచ్చేదాకా కదలడానికి లేదు.

నేను దిగి అర్జెంట్ అని చెప్పాను. ఆవిడ టోపీ సర్దుకుని, "అందరికీ అర్జెంటే, స్వీట్‌హార్ట్," అంది. కోపంగా కాదు. పైలట్ కార్ ఇప్పుడే అటు వెళ్ళిందని కూడా చెప్పింది.

కారులో కూర్చుని కిరణ్ నంబర్ మళ్ళీ నొక్కాను. సుజాత స్టీరింగ్ మీద చేతులు పెట్టి ముందుకే చూస్తూ అంది:

"మీకు కావాల్సింది ఆవిడ విమానం ఎక్కకుండా ఉండటమా, కిరణ్ ఫోన్ ఎత్తడమా?"

"అదేం ప్రశ్న?"

"నిన్నటి నుంచి ఆ ఒక్క నంబరే చేస్తున్నారు కాబట్టి అడిగాను. అక్కడ ఇంకెవరూ మనుషులు లేరా?"

వాళ్ళ విమానం ఎగిరే చిన్న ఏరోడ్రోమ్‌లో కంట్రోల్ టవర్ లేదు. ఏముందా అని వెతికితే రన్‌వే పక్కన ఒక కేఫ్ దొరికింది. చేశాను. రెండో రింగుకే ఎవరో ఆవిడ ఎత్తింది. వెనకాల గిన్నెల చప్పుడు. డయాన్ అనే పైలట్ తెలుసా అని అడిగాను.

"ఇప్పుడే గుడ్లు తిని వెళ్ళింది. హ్యాంగర్ దగ్గర ఉండొచ్చు."

"పరుగెత్తి వెళ్ళి చెప్పండి. తోక లెక్క వేసిన మనిషి మాట్లాడుతున్నాడని చెప్పండి. పాజిటివ్ అంటే చెడ్డదని చెప్పండి."

"పాజిటివ్ అంటే చెడ్డది," అని ఆవిడ తిరిగి చెప్పింది, ఆర్డర్ రాసుకున్నట్టు. "ఇంకేమైనా?"

"ఎగరొద్దని చెప్పండి."

ఫోన్ పెట్టేసింది. అప్పుడే సిగ్నల్ పోయింది. పైలట్ కార్ వచ్చింది. దాని వెనక, ఎడ్లబండి వేగంతో వెళ్ళాం.

హ్యాంగర్ ముందు నీడ

రన్‌వే కనిపించగానే ఇద్దరం ఆకాశం వైపు చూశాం. ఖాళీగా ఉంది. ఖాళీ అంటే రెండు అర్థాలున్నాయి. హ్యాంగర్ మలుపు తిరిగేదాకా ఏ అర్థమో తెలియలేదు.

విమానం నేలమీదే ఉంది. దాని రెక్క నీడలో, నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ పారాచూట్ పట్టీలు వదులు చేసుకుని కూర్చుంది. నన్ను చూసి లేచింది.

"పాజిటివ్ అంటే చెడ్డదన్న మనిషి నువ్వేనా?"

"నేనే."

"ఇంజిన్ స్టార్ట్ చేశాను. కేఫ్ నడిపే మాగీ ఏప్రన్‌తో రన్‌వే పక్కన పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. అందుకే ఆపాను."

సుజాత నా చెయ్యి పట్టుకుంది.

కిరణ్ లోపలినుంచి వచ్చాడు. "అంకుల్, మీరు ఇంత దూరం డ్రైవ్ చేశారా? నోటిఫికేషన్స్ మ్యూట్‌లో పెట్టాను, సారీ. కానీ నా లాప్‌టాప్‌లో డాష్‌బోర్డ్ మొత్తం గ్రీన్ ఉంది కదా."

"గ్రీన్ ఎవరు పెట్టారు?"

"నేనే. డ్యాంపింగ్ పాజిటివ్ ఉంటే గ్రీన్, నెగటివ్ ఉంటే రెడ్. మా టెస్ట్ డేటాలో పాజిటివ్ అంటే ఊపు చచ్చిపోతోందనే అర్థం అంకుల్. మీరు పాజిటివ్ అన్నారు, నేను హ్యాపీ అయిపోయాను."

అతను చెప్పింది అబద్ధం కాదు. ఎగురుతూ కొలిచేవాళ్ళ పద్ధతి అదే. పైలట్ చేతిలో ఉండే స్టిక్‌ను ఒక్కసారి తట్టి వదిలితే తోక ఊగి ఎంత తొందరగా ఆగుతుందో కొలుస్తారు. అక్కడ పాజిటివ్ అంటే క్షేమం. నా లెక్కలో పాజిటివ్ అంటే నాశనం. రెండూ దశాబ్దాలుగా నడుస్తున్న పద్ధతులే. నా గ్రాఫ్ మీద ఏ పద్ధతో రాసే ఉంది. రాసింది చదవాలని అతనికి తోచలేదు.

శ్రీనివాస్‌కి చెప్పిన మాటలే మళ్ళీ చెప్పాను. డయాన్ అడ్డుపడకుండా విని ఒక్కటే అడిగింది: "నీ ఇంటివాళ్ళను ఎక్కించాలంటే ఏ వేగం దగ్గర ఆపుతావు?"

"నూట యాభై."

"సరే, ఇవాళ్టికి నూట యాభై," అని హెల్మెట్ తీసుకుంది. కిరణ్ నా ముఖం కూడా చూడకుండా లాప్‌టాప్ తెరిచి, "ఒక్క లైన్ కోడ్ అంకుల్, మార్చేస్తాను," అన్నాడు. మార్చేశాడు కూడా.

ఆవిడ ఎగిరినంతసేపూ నేను తెర చూడలేదు, చెవులే పెట్టుకుని ఉన్నాను. రేడియోలో వేగం చెప్పేది, స్టిక్ తట్టేది, "ఆగింది," అనేది. నూట ముప్పై దగ్గర వెంటనే ఆగింది. నూట నలభై దగ్గర కాస్త ఆలస్యంగా. నూట యాభై దగ్గర రేడియోలో మాట రాలేదు. సుజాత వేళ్ళు నా మణికట్టులో దిగబడ్డాయి. తర్వాత, "ఆగింది. తొందరపడకుండా ఆగింది. ఇవాళ్టికి చాలు," అంది డయాన్.

దిగాక మాగీ కేఫ్‌లో అందరికీ ఆపిల్ పై పెట్టింది. ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు. లేక్‌వ్యూకి ఫోన్ చేసి ఆమె దిగిందని చెప్పాను. శ్రీనివాస్, "ఇగ మీరు నిమ్మలంగ తినుండ్రి సార్," అన్నాడు.

మళ్ళీ బాతెల్

ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణే కాదు.

తిరుగు దారిలో మోనో సరస్సు దగ్గర ఈసారి ఆగాం. ఆ సున్నపు స్తంభాల మధ్య నిలబడి ఉండగా, కిరణ్ అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. ఒక్క లైన్.

ఆ డాష్‌బోర్డులో రెండు పట్టికలున్నాయి. ఒకటి నా లెక్క, అందులో పాజిటివ్ చెడ్డది. రెండోది విమానం ఎగురుతుండగా కొలిచేది, అందులో పాజిటివ్ మంచిది. రెండింటికీ రంగు వేసేది ఆ ఒక్క లైనే అయితే, దాన్ని తిప్పినప్పుడు రెండూ తిరిగాయి. డయాన్ నూట యాభైకి వెళ్ళినప్పుడు తెర మీద ఏ రంగు ఉందో నేను చూడలేదు. నా లెక్క ఇప్పుడు సరైన రంగు చూపిస్తుంది. కానీ డయాన్ గాల్లో ఉండగా తోక ఊపు ఆగకుండా పెరగడం మొదలుపెడితే, కిరణ్ తెర మీద ఆకుపచ్చ రంగు వెలుగుతుంది. ఇంకొంచెం వేగం పెంచమని చెప్పేది ఆ రంగు చూసే.

ఇంటికొచ్చి ఆ సంగతి కిరణ్‌ని అడిగాను. జవాబు లేదు. ఊపు తగ్గడానికి తోకకి బరువులు కలిపారని, మళ్ళీ నూట తొంభై దాకా వెళ్తారని డయాన్ చెప్పింది. ఆవిడ నంబర్ ఈసారి తీసుకున్నాను. నా అనుమానం ఆవిడతో చెప్తే, ఆవిడ కిరణ్‌ని అడిగింది. "అది ఫిక్స్ చేసేశాం," అన్నాడట. ఫిక్స్ చేసేశారనే నా భయం. నీకు నమ్మకం కుదిరిందా అని డయాన్ నన్ను అడిగింది. లేదన్నాను. పరీక్ష తేదీలు వచ్చే క్యాలెండర్ లోంచి ఆ వారమే నా పేరు తీసేశారు. తీసేసింది ఎవరో నాకు తెలుసు, అదీ గుర్తుంటుంది. కానీ ఇప్పుడు నేను అడుగుతున్నది దాని గురించి కాదు.

కిరణ్, నువ్వు తెలుగు చదువుతావని నువ్వే చెప్పావు. అంకుల్ అనే పిలువు, నాకేం పట్టింపు లేదు. నా ఫోన్ ఎత్తకపోయినా సరే, మ్యూట్‌లోనే ఉంచు. పదిమంది చదివే చోట అడుగుతున్నాను, పదిమంది చూసేలా చెప్పు. ఆ రెండు పట్టికలకీ రంగు వేసేది ఒక లైనా, రెండు లైన్లా? డయాన్ విమానం ఎక్కేలోపు నాకు జవాబు కావాలి.